రెండామడల దూరంలో కలకత్తా బాట
రేవు రోడ్ల రాకతో కోట వైపు మళ్ళిన చూపు - నీటి దారి, ఊరి దారి మరువరాదు

కోట: మద్రాసు పోవాలన్నా, నెల్లూరు పోవాలన్నా, బెజవాడ పోవాలన్నా కోట వాసికి మొదటి మజిలీ గూడూరే. కాదంటే నాయుడుపేట. అక్కడికి చేరితేనే కలకత్తా-చెన్నై జాతీయ రహదారి కనబడుతుంది. బంగాళాఖాతం తీరాన్ని పట్టుకుని సుమారు 1,700 కిలోమీటర్లు ప్రయాణించే ఈ రహదారి, సముద్రానికి ఇంత చేరువలో ఉన్న కోటను మాత్రం రెండామడల దూరాన వదిలి వెళ్ళిపోయింది. వడ్ల బస్తా అయినా, రొయ్యల పెట్టె అయినా, పురిటి నొప్పులు పడుతున్న ఇల్లాలయినా ఈ రెండామడలూ దాటితేగాని పెద్ద రోడ్డెక్కడానికి వీలులేదు.

ఇన్నాళ్ళకు పెద్దబాట చూపు ఇటు మళ్ళింది. కృష్ణపట్నం రేవును జాతీయ రహదారులతో కలపడానికి తలపెట్టిన మూడు రోడ్లకు 2023 జూలై 13న తిరుపతిలో కేంద్ర రవాణా శాఖ మంత్రి నితిన్ గడ్కరీ శంకుస్థాపన చేశారు. మూడూ కలిపి 87 కిలోమీటర్లు, అంచనా వ్యయం 2,900 కోట్ల రూపాయలు. వీటిలో అంచనా వ్యయంలో పెద్దదైన నాయుడుపేట - తూర్పు కనుపూరు రోడ్డు కోట ప్రాంతం వైపుగా వచ్చేది.

రోడ్డు వస్తున్నదంటే సంతోషించని ఊరు ఉండదు. అయితే రోడ్డు ఊరి పక్కనుంచి పోవడం వేరు, ఊరికి రావడం వేరు. ఈ తేడా కోట ప్రాంతానికి కొత్త కాదు. ఈ తీరాన దారులు ఎన్నిసార్లు మారాయో ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే, ఇప్పుడు ఏమి అడగాలో తేలికగా బోధపడుతుంది.

నీటి మీద నడిచిన కాలం

చక్రం మీద ప్రయాణాలు పెరగక ముందు ఈ తీరం మారుమూల కాదు. కోటకు సమీపంలోని దుగరాజపట్నంలో ఇంగ్లీషు కంపెనీవారు 1620లలోనే వర్తక స్థావరం పెట్టుకున్నారు. వారు దానిని ఆర్మగాన్ అని పిలిచేవారు. స్థలం ఇప్పించిన ఆర్ముగం మొదలియారు పేరే అలా మారిందని చెబుతారు. అక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే అనే అధికారే 1639లో మద్రాసు స్థలాన్ని సంపాదించాడు. అంటే మద్రాసు కంటె ముందే ఈ ఒడ్డున ఓడలు ఆగాయన్న మాట.

ఆ తరువాత బకింగ్‌హాం కాలువ వచ్చింది. 1876-78 నాటి ధాత కరువులో పనిలేక అలమటిస్తున్న జనానికి కూలి చూపించేందుకు, మద్రాసుకు ఉత్తరాన అప్పటికే ఉన్న కాలువను పొడిగించే పని చేపట్టారు. అప్పటి మద్రాసు గవర్నరు పేరున 1878లో దానికి బకింగ్‌హాం కాలువ అని పేరు పెట్టారు. కోటకు తూర్పున సముద్రానికి సమాంతరంగా పోయే ఆ కాలువలో పడవల మీద సరుగుడు కట్టెలు, ఉప్పు, ధాన్యం మద్రాసుకు చేరేవి. తెరచాప ఎత్తితే గాలి, గాలి లేనప్పుడు గెడ, కాకుంటే గట్టున తాడు పట్టి లాగే మనిషి. ఖర్చు తక్కువ, తొందర తక్కువ.

1960లలో వచ్చిన తుపానులకు కాలువ చాలాచోట్ల పూడిపోయింది. లారీ ఇంటి ముందుకే వస్తుంటే పడవ కోసం గట్టున కాచుకుని కూర్చునేవారు కరువయ్యారు. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న కాలువలను నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. పెద్ద పేరు వచ్చింది గాని, ఈ తీరాన పాత పడవల రోజులు మాత్రం తిరిగి రాలేదు.

రాచబాట పడమటికి ఎందుకు జరిగింది?

తీరం వెంబడి పోవలసిన రోడ్డు గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ మీదుగా లోపలికి ఎందుకు జరిగిందన్న ప్రశ్నకు, పటం విప్పి చూస్తే జవాబు దొరుకుతుంది. కోట నుంచి సముద్రం పక్కగా దక్షిణానికి పోతే పులికాట్ సరస్సు అడ్డం వస్తుంది. దాని అవతల శ్రీహరికోట దీవి. ఉత్తరానికి పోతే కృష్ణపట్నం వద్ద ఉప్పుటేరు. మధ్యలో స్వర్ణముఖి. చంద్రగిరి కొండల్లో పుట్టి శ్రీకాళహస్తి, నాయుడుపేటలను తాకి వచ్చే ఈ ఏరు, సముద్రం దగ్గర పడేసరికి ఇసుక మేటలు వేస్తూ వెడల్పుగా పరుచుకుంటుంది. వంతెన కట్టేవాడు ఏటిని ఇరుకుగా ఉన్నచోట, నేల గట్టిగా ఉన్నచోట దాటాలని చూస్తాడు. అందుచేత బాట పడమటికి జరగక తప్పలేదు.

ఈ బాట ఇప్పటిది కాదు. కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి తిరుపతి, కడప, హైదరాబాదుల మీదుగా పోయినా, తిరుగు ప్రయాణంలో కలకత్తా నుంచి తీర ప్రాంతం పట్టుకుని నెల్లూరు మీదుగానే 1831లో మద్రాసు చేరారు. కంపెనీవారి కాలంలో దీనినే ఉత్తరపు ట్రంకురోడ్డు అన్నారు. నెల్లూరు నడిబొడ్డున ఉన్న ట్రంకురోడ్డు ఆ పేరును నేటికీ నిలుపుకున్నది.

1899లో బెజవాడ - మద్రాసు రైలు మార్గం పూర్తయింది. రైలు కూడా గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేటల దారినే పట్టింది. రేణిగుంట లైను వచ్చి కలవడంతో గూడూరు జంక్షనుగా ఎదిగింది. రోడ్డు, రైలు రెండూ ఒకే వరుసన నడవడంతో సంతలు, మిల్లులు, నిమ్మకాయల మార్కెట్టు, పెద్దాసుపత్రులు, కోర్టులు అన్నీ ఆ వరుసనే వెలిశాయి. నీటి దారి కాలంలో ముందున్న కోట తీరం, చక్రాల కాలంలో వెనుకబడింది. ఊరు కదలలేదు, దారి కదిలింది.

అయిదో నంబరు పదహారయింది

1956 నాటి జాతీయ రహదారుల చట్టం తరువాత ఈ బాట అయిదో నంబరు జాతీయ రహదారిగా ప్రసిద్ధికెక్కింది. లారీ డ్రయివర్ల నోట ఇప్పటికీ ఆ నంబరే వినిపిస్తుంది. ఒరిస్సాలోని ఝార్పొఖరియా వద్ద మొదలై చెన్నైలో ముగిసేది. 2010లో దేశమంతటా రహదారుల నంబర్లు మార్చినపుడు దీనిని పదహారో నంబరు చేశారు. కలకత్తా సమీపంలోని దాన్‌కుని దాకా పొడిగించి లెక్కకట్టారు. ఇచ్ఛాపురం వద్ద ఆంధ్రలో అడుగుపెట్టి, శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమండ్రి, ఏలూరు, విజయవాడ, గుంటూరు, ఒంగోలు, కావలి, నెల్లూరు, గూడూరు మీదుగా తడ దాటేసరికి మన రాష్ట్రంలోనే వెయ్యి కిలోమీటర్లు పైబడి నడుస్తుంది.

కొత్త నంబర్లకు ఒక పద్ధతి ఉంది. ఉత్తరం నుంచి దక్షిణానికి పోయే రోడ్లకు సరి సంఖ్యలు, తూర్పు పడమరలుగా పోయేవాటికి బేసి సంఖ్యలు ఇచ్చారు. బేసి సంఖ్యలు ఉత్తరం నుంచి దక్షిణానికి పోనుపోను పెరుగుతాయి. నెల్లూరు మీదుగా కృష్ణపట్నం చేరే రోడ్డు 67 కాగా, దానికి దక్షిణంగా మదనపల్లె, తిరుపతి, శ్రీకాళహస్తుల మీదుగా నాయుడుపేటకు వచ్చేది 71. మూడంకెల నంబరు కనబడితే అది కొమ్మ రోడ్డని అర్థం. చివరి రెండంకెలు తల్లి రోడ్డువి. 216 అంటే పదహారో రోడ్డు కొమ్మ. కత్తిపూడి నుంచి కాకినాడ, మచిలీపట్నం, చీరాల మీదుగా వచ్చే ఆ తీర రహదారి ఒంగోలులోనే ఆగిపోయింది. నెల్లూరు తీరానికి అదీ రాలేదు.

స్వర్ణ చతుర్భుజి పథకానికి 1999 జనవరిలో ప్రధాని వాజ్‌పేయి శంకుస్థాపన చేశాక ఈ బాట నాలుగు వరుసలయింది. ప్రయాణం తగ్గింది, వేగం పెరిగింది. అదే సమయంలో చాలాచోట్ల పాత చింతచెట్ల నీడ పోయింది. ఊళ్ళ మధ్యనుంచి పోయే రోడ్డు బైపాసులెక్కింది. బస్సు ఆగినచోటల్లా బతికిన టీ అంగళ్ళు, పండ్ల బుట్టలు ఖాళీ అయ్యాయి. వెంకటాచలం, బూదనం, సూళ్ళూరుపేటల వద్ద టోలు గేట్లు వెలిశాయి. రోడ్డు ఊరి పక్కనుంచి పోవడానికీ, ఊరికి రావడానికీ తేడా ఆనాడే ట్రంకురోడ్డు పల్లెలు చవిచూశాయి.

రేవు పిలుపు

కోట వైపు పెద్దబాట చూపు మళ్ళడానికి కారణం కోట కాదు, కృష్ణపట్నం. చిన్న రేవుగా ఉన్న కృష్ణపట్నంలో 2008లో కొత్త పోర్టు పని ప్రారంభించింది. బొగ్గు, వంటనూనెలు, ఇనుప ఖనిజం రాకపోకలతో లారీల వరుస పెరిగింది. చిల్లకూరు మండలం తమ్మినపట్నం పరిసరాల్లో థర్మల్ కేంద్రాలు లేచాయి. చిల్లకూరు, కోట, వాకాడు మండలాల సిలికా ఇసుక గాజు పరిశ్రమలకు తరలిపోతున్నది. ఇంత బరువు మోయడానికి పల్లె రోడ్లు చాలవు.

శంకుస్థాపన జరిగిన మూడింటిలో మొదటిది 71వ నంబరు రహదారిని నాయుడుపేట నుంచి ఈశాన్యంగా తూర్పు కనుపూరు దాకా తెచ్చే 35 కిలోమీటర్ల రోడ్డు. అంచనా 1,399 కోట్లు. రెండవది చిల్లకూరు క్రాస్ నుంచి తూర్పు కనుపూరు మీదుగా పోర్టు దక్షిణ ద్వారానికి పోయే 36 కిలోమీటర్లు. అంచనా 909 కోట్లు. దీని నంబరు 516 డబ్ల్యు, అనగా పదహారో రోడ్డుకు మరో కొమ్మ. మూడవది తమ్మినపట్నం - నారికేళ్ళపల్లె రోడ్డు, ఏపూరు వద్ద నుంచి పోర్టు రోడ్డు పొడిగింపు కలిపి 16 కిలోమీటర్లు. అంచనా 610 కోట్లు.

ఇది చాలదన్నట్లు చెన్నై - బెంగళూరు పారిశ్రామిక కారిడారులో భాగంగా కోట, చిల్లకూరు మండలాల ప్రాంతంలో తలపెట్టిన క్రిస్ సిటీకి 2025 జనవరి 8న ప్రధాని నరేంద్ర మోదీ విశాఖపట్నం నుంచి శంకుస్థాపన చేశారు. 10,500 కోట్ల రూపాయల పెట్టుబడులు, లక్ష మందికి ప్రత్యక్షంగానూ పరోక్షంగానూ పని దొరుకుతుందని ప్రభుత్వం చెప్పిన అంచనా. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగి కోట మండలం నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు మారినపుడు ఊరి దారి మారలేదు. ఈ రోడ్లతో మాత్రం దారి మారబోతున్నది.

కట్ట లేస్తే నీరు ఎటు?

ఇక్కడే రైతులు ఆలోచించవలసిన విషయం ఉన్నది. ఈ ప్రాంతపు నేల పడమటి నుంచి తూర్పుకు వాలుగా ఉంటుంది. వాన నీరంతా ఆ వాలు వెంట చెరువులు నింపి, కాలువలు పొంగి, చివరకు సముద్రం చేరాలి. నెల్లూరు తీరానికి ప్రధానమైన వాన ఈశాన్య ఋతుపవనానిది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నాలుగు రోజుల్లో ఒక ఏటి వాన కురిసిపోవడం ఇక్కడివారికి తెలియనిది కాదు. 1984 నవంబరు తుపాను ఈ తీరాన్నే దాటింది.

ఉత్తర దక్షిణాలుగా పోయే రోడ్డు ఈ వాలుకు అడ్డంగా పడుతుంది. ఆరు వరుసల రోడ్డు కట్ట లేస్తే, అది రోడ్డే కాదు, పొడవాటి చెరువు కట్ట కూడా. తూములు సరిపోకపోతే పడమటి వైపు పొలాలు మునుగుతాయి, తూర్పు వైపు చెరువులు ఎండుతాయి. తూము ఒకేచోట పెట్టి నీటినంతా అక్కడికే మళ్ళిస్తే, ఆ కింద పొలం కోతకు గురవుతుంది.

ఇది ఊహకాదు. 2021 నవంబరులో పెన్నా వరదకు కోవూరు సమీపాన జాతీయ రహదారి కోతకు గురయింది. పడుగుపాడు వద్ద రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. కలకత్తా - చెన్నై బాట మీద బారులు తీరిన లారీలు కదలలేకపోయాయి. అదే నెలలో గూడూరు వద్ద పంబలేరు వాగు పొంగి రోడ్డెక్కింది. దేశంలోకెల్లా పెద్ద రోడ్లలో ఒకటి, దానిపక్కనే పెద్ద రైలు మార్గం, రెండూ నీటికి దారి చాలనిచోట ఓడిపోయాయి. పెద్ద రోడ్డుకే అలా జరిగితే కొత్త కొమ్మ రోడ్డు సంగతి చెప్పనక్కరలేదు.

ఏ వాగు ఎంత ఎత్తున పారుతుందో, ఏ వానకు ఏ మడి మునుగుతుందో పటం మీద కంటె పొలం గట్టు మీద నిలబడ్డ రైతుకు బాగా తెలుసు. తుపాను నాడు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఇంటి గోడ మీద చూపగల వృద్ధులు ప్రతి పల్లెలో ఉన్నారు. తూముల కొలతలు ఖాయం చేసే ఇంజనీర్లు ఈ గుర్తులను లెక్కలోకి తీసుకోవడం అత్యవసరం. అలాగే కట్టకు కావలసిన మట్టిని ఇష్టం వచ్చినచోట గోతులు తీసి తరలించకుండా, పూడిన చెరువుల నుంచి అనుమతితో తీస్తే రోడ్డుకు మట్టి దొరుకుతుంది, చెరువుకు లోతు దొరుకుతుంది. ఒక్క పనికి రెండు ఫలాలు.

భూమి ఇచ్చేవారు తెలుసుకోవలసినవి

జాతీయ రహదారికి భూమి తీసుకోవడం 1956 చట్టం ప్రకారం జరుగుతుంది. మొదట 3ఏ ప్రకటన వెలువడుతుంది. ఏ సర్వే నంబరులో ఎంత భూమి కావాలో అందులో ఉంటుంది. దాని సారాంశాన్ని రెండు స్థానిక పత్రికల్లో వేయాలి, వాటిలో ఒకటి ప్రాంతీయ భాషలో ఉండాలి. ప్రకటన వెలువడిన నాటి నుంచి 21 రోజుల్లోగా అభ్యంతరాలను వ్రాతపూర్వకంగా సంబంధిత అధికారికి ఇవ్వవచ్చు. ఆయన విని తీరాలి. ఈ 21 రోజులూ గడిచాక వగచి ప్రయోజనం లేదు. తరువాత 3డి ప్రకటన వస్తే భూమి కేంద్ర ప్రభుత్వానిదయిపోతుంది. ఆపైన పరిహారం నిర్ణయిస్తారు. అది చాలదనుకున్నవారు కేంద్రం నియమించిన మధ్యవర్తికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

2013 నాటి భూసేకరణ చట్టంలోని పరిహారం లెక్క 2015 జనవరి 1 నుంచి రహదారి భూములకు కూడా వర్తిస్తున్నది. రిజిస్ట్రేషను ధర ఒకవైపు, చుట్టుపక్కల గడచిన మూడేళ్ళలో జరిగిన అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు ఒకవైపు చూసి, ఏది ఎక్కువయితే దానిని ఆధారం చేసుకోవాలి. చెట్లు, బావి, ఇల్లు విలువ కూడా లెక్కించాలి. ఆ పైన నూటికి నూరు శాతం సొలేషియం కలపాలి.

ఎకరం లక్షలు పలుకుతున్నా, కాగితంలో తక్కువ చూపి రిజిస్టరు చేసుకునే అలవాటు ఇక్కడే దెబ్బ తీస్తుంది. నాడు స్టాంపు ఖర్చు మిగిలిందని సంతోషించినవారు నేడు పరిహారంలో పోగొట్టుకుంటారు. తండ్రి పేరున ఉన్న పాసుబుక్కు కొడుకుల పేరుకు మారకపోయినా, అన్నదమ్ముల భాగాలు నోటిమాటగానే ఉన్నా చెక్కు చేతికి రావడానికి ఏళ్ళు పడుతుంది. డి.కె.టి. పట్టాదారులు అడంగల్‌లో, 1బి లో తమ పేరు ఉన్నదీ లేనిదీ ముందే చూసుకోవాలి. కౌలు రైతు పేరు ఏ కాగితంలోనూ లేకపోతే ఆయన పెట్టిన పైరుకు వచ్చే సొమ్ము మరొకరి జేబులోకి పోతుంది.

ఊరికి దిగే దారి ఏది?

భూమి, నీరు తరువాత మూడవది దారి. వేగంగా పోయే ఆరు వరుసల రోడ్డు మీదికి ఎక్కడబడితే అక్కడ ఎక్కనివ్వరు. ఇవతల ఇల్లు, అవతల పొలం ఉన్న రైతు ఎడ్లబండిని, ట్రాక్టరును, వరికోత యంత్రాన్ని ఏ దారిన దాటించాలి? బర్రెలను ఎటు తోలాలి? కింది దారి రెండు మైళ్ళ దూరాన పెడితే చుట్టి పోయేదెవరు? అడ్డంగా దాటి ప్రాణాల మీదికి తెచ్చుకునేవారే ఎక్కువవుతారు. కింది దారి ఎత్తు తక్కువయితే కోత యంత్రం పట్టదు, గడ్డి బండి పట్టదు. లోతు ఎక్కువయితే వానాకాలంలో అది దారి కాదు, మడుగు.

1979లో విద్యానగర్‌లో ఇంజనీరింగు కళాశాల వెలిసిన నాటినుంచి ఊరూరి పిల్లలు ఈ రోడ్లపైనే తిరుగుతున్నారు. కొత్తపట్నం వంటి తీర గ్రామాల జాలరులకు చేప పట్టిన రోజే మార్కెట్టు చేరాలి. రాత్రివేళ పాము కరచినవారిని, గుండె నొప్పి వచ్చినవారిని నెల్లూరుకు తరలించాలి. వీరందరికీ కావలసింది పోర్టు దాకా సాఫీగా పోయే లారీల బాట ఒక్కటే కాదు, దానిమీదికి కోట నుంచి ఎక్కే మంచి చేరువ రోడ్డు, పక్కన సర్వీసు రోడ్డు, బస్సు ఆగే చోటు, రాత్రి వెలిగే దీపం. ఉన్న గూడూరు - కోట రోడ్డును బాగుగా ఉంచడం కూడా అంతే అవసరం. పెద్ద రోడ్డు వచ్చిందని పాత రోడ్డును వదిలేస్తే ఊరికి ఒరిగేది లేదు.

ఈ తీరానికి ఓడలు వచ్చి పోయాయి. పడవలు వచ్చి పోయాయి. రైలు, ట్రంకురోడ్డు రాకుండానే పోయాయి. ఇప్పుడు వచ్చే బాట ఎవరి బరువు మోయడానికి వచ్చినా, దానికింద పడేది ఈ ఊళ్ళ భూమి, దానికి అడ్డం పడేది ఈ ఊళ్ళ నీరు. కనుక తూము ఎక్కడ, కింది దారి ఎక్కడ, ఎక్కే దారి ఎక్కడ అన్న మూడు ప్రశ్నలు గ్రామసభల్లో వేసుకుని, జవాబులను కాగితం మీద పెట్టి, రెవెన్యూ, రహదారి అధికారులకు అందజేయవలసిన బాధ్యత పంచాయతీలది. ఆ కాగితాలను కట్ట పక్కన పెట్టకుండా, పొలానికి వచ్చి చూసి నిర్ణయించవలసిన బాధ్యత అధికారులది. రోడ్డు కట్ట ఒకసారి లేచాక తూము పెట్టమని అడిగితే, గోడ కట్టాక తలుపు పెట్టమన్నట్లే ఉంటుంది.